ప్రేగుల రాచపుండు: ప్రతిరక్షకములు, కిరణములు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము భోజనసమయమున వినదగినది కాదు. ఈ ప్రసంగమును రాత్రి భోజనములైన పిమ్మట ఏర్పాటు చేసినందులకు నేను కృతజ్ఞుడను. పెద్దప్రేగునకును, దాని కడపటి భాగమైన పురీషనాళమునకును పుట్టు రాచపుండును మాన్పుటకై ప్రతిరక్షకములను, కిరణములను జతపరచు ప్రయత్నములను గూర్చి మాటలాడదలచితిని. రాచపుండనగా క్యాన్సరు. ప్రతిరక్షకమనగా వైద్యులు యాంటీబాడీ యని పిలుచునది. ఈ రెండు మాటలు జ్ఞాపకముంచుకొనినచో తక్కినది కష్టము కాదు.

నాకీ విషయము పుస్తకములలో మొదలు కాలేదు. మా పినతండ్రిగారు కృష్ణాజిల్లాలో నొక పల్లెయందు బడిపంతులుగా నుండిరి. 1993వ సంవత్సరమున ఆయనకు మలముతో నెత్తురు పడజొచ్చెను. అది మూలశంకయని తానే నిర్ణయించుకొని, కారము మాని, మజ్జిగయన్నము తినుచు, ఎవరో చెప్పిన ఆకుపసరు పుచ్చుకొనుచు పదునాలుగు మాసములు గడిపిరి. కుటుంబములో వైద్యుడనైన నాకు సైతము చెప్పలేదు. చెప్పుకొనుటకు సిగ్గు. తుదకు పట్టణమునకు తీసికొనివచ్చినప్పుడు శస్త్రవైద్యులు కంతిని కోసివేసిరి, చక్కగనే కోసిరి. పదియవనాడు మంచముమీద దిండ్లకు జేరగిలి కూర్చుండి ఆయన నన్నిట్లడిగిరి: "అబ్బాయీ, కనపడినదాన్ని కోశారు, బాగానే ఉంది. కనపడనిదాని సంగతి ఏమిటి?" కిరణచికిత్స నేర్చి, అదియే వృత్తిగా బ్రతుకుచున్న నేను ఆ ప్రశ్నకు బదులు చెప్పక ఆయన దుప్పటి సవరించితిని. మరుసటి యేడు అది కాలేయమున కనబడెను.

ఆయన అడిగినది పామరప్రశ్న కాదు. ప్రేగుల రాచపుండు చికిత్స యంతయు ఆ ప్రశ్నచుట్టును తిరుగుచున్నది. కత్తి కంటికి గోచరించినదానిని మాత్రమే తీయగలదు. కంతినుండి విడివడి నెత్తుటిలోబడి, కాలేయమునందో ఊపిరితిత్తులయందో ఒదిగియున్న పిడికెడైనను లేని కణములకు కత్తి లేదు. వానికై మందులు నెత్తుటిలోని కెక్కింతురు. అవి కొంత పనిచేయును. మరి కిరణముల మాట?

రంట్జన్ 1895లో ఎక్స్ కిరణములను కనుగొనెను. క్యూరీ దంపతులు 1898లో రేడియమును వెలికిదీసిరి. నాటినుండి నేటివరకు కిరణముల గుణము ఒక్కటే: తగినంత పడినచోట కణములోని జన్యుతంతువులు తెగును, కణము చచ్చును. ఏ కణమైనను సరే. కిరణమునకు మిత్రుడు శత్రువు అను భేదము తెలియదు; మనము గురిపెట్టిన తావే దాని వివేకము. పురీషనాళము కటియెముకల నడుమ కదలక మెదలక యుండును గనుక అచ్చట గురి కుదురును. స్వీడను దేశపు వైద్యులు 1987 మొదలు 1990 వరకు వేయికి పైబడిన రోగులను రెండు వర్గములుగా జేసి, ఒక వర్గమునకు శస్త్రచికిత్సకు ముందు దినమునకు 5 గ్రేల చొప్పున ఐదు దినములు కిరణములు పట్టిరి. గ్రే యనునది శరీరము పీల్చుకొనిన కిరణశక్తికి కొలత. ఐదేండ్లలో కత్తి మాత్రమే చూచినవారిలో నూటికి 27 మందికి కంతి ఆ తావుననే మరల మొలచెను. కిరణములు కూడ పొందినవారిలో 11 మందికే మొలచెను. బ్రదికియున్నవారు నూటికి 48 మందికి మారుగా 58 మంది యైరి. 1997లో ఈ సంగతి ప్రకటితమైనప్పుడు మా పినతండ్రిగారు లేరు.

అయిన నిదియు ఆయన ప్రశ్నకు సమాధానము కాదు. ఆయన కంతి పురీషనాళమునకు పైన, పెద్దప్రేగులో నుండెను. అది పొట్టలో ఇటునటు కదలుచుండును. దానిచుట్టును చిన్నప్రేగు చుట్టుకొనియుండును. చిన్నప్రేగు కిరణములకు మిక్కిలి సుకుమారమైనది. ఇక కాలేయములో ఎచ్చటనున్నవో తెలియని కణములపై వెలుపలినుండి గురిపెట్టుట యెట్లు? చిరునామా లేని జాబు వంటిది ఆ పని.

ఆ చిరునామా యెరిగినది వేరొకటి కలదు. 1890లో బేరింగు, కిటసాటో యను నిద్దరు, ధనుర్వాతపు విషము నెదిరించిన జంతువుయొక్క రక్తరసము మరియొక జంతువును కాపాడునని చూపిరి. ఆ రసములోని కార్యకర్తలే ప్రతిరక్షకములు. వానిలో నొక్కొక్కటి రెండు చేతులుగల మాంసకృత్తు అణువు; తనకు నియమితమైన యొక్క ఆకారమును మాత్రమే పట్టును, వేరొకదానిని ముట్టదు. మరి దీనిచేత కిరణమును మోయించినచో? ఈ ఆలోచన మీరనుకొనునంత క్రొత్తది కాదు. 1948లో ప్రెస్‌మన్, కైలీ యనువారు ఎలుక మూత్రపిండమునకు విరుద్ధమైన ప్రతిరక్షకములకు రేడియోధార్మికమైన అయోడిన్‌ను తగిలించి ఎలుకలకెక్కింపగా, ఆ ధార్మికత మూత్రపిండములకు జేరెను. అనగా మోత సాధ్యమే. కావలసినవి రెండు: రాచపుండును గుర్తించు గురుతు, దానిని పట్టు ప్రతిరక్షకము కొరతలేకుండ దొరకుట.

గురుతు 1965లో దొరకెను. మాంట్రియల్ నగరమున గోల్డ్, ఫ్రీడ్‌మన్ అనువారు, గర్భస్థశిశువు ప్రేగునందుండి, పుట్టినపిమ్మట అణగిపోయి, రాచపుండులో మరల పొడసూపు నొక పదార్థమును కనుగొనిరి. దానినే నేడు పొడి యక్షరములతో సీఈఏ యందురు. ప్రేగు క్యాన్సరు చికిత్సయైనవారి నెత్తుటిలో మేము తరచుగా కొలిపించునది అదియే. రెండవ కొరత 1975లో తీరెను. కేంబ్రిడ్జిలో కోహ్లర్, మిల్‌స్టైన్ అనువారు, ప్రతిరక్షకము చేయు చుంచెలుక కణమును చావెరుగని క్యాన్సరు కణముతో కలిపి, ఒక్కటే రకపు ప్రతిరక్షకమును ఎడతెగక చేయు సంకరకణమును సృజించిరి. రాచపుండు మొండితనమునే రాచపుండును వెదకు పనికి వాడుకొనుట! 1984లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. ఇంతలో 1978లోనే గోల్డెన్‌బర్గ్ బృందము సీఈఏను పట్టు ప్రతిరక్షకములకు అయోడిన్ తగిలించి రోగులకెక్కించి, శరీరములో కంతులున్న తావులను వెలుపలినుండి చిత్రము తీసెను. చిరునామాకు జాబు చేరుచున్నదని కంటితో చూచినట్లాయెను.

ఇచ్చట నొక ప్రక్కదారి త్రొక్కవలెను. ప్రతిరక్షకమునకు కిరణమును మోయించుటయేకాక, దానిని ఒట్టిచేతులతో పంపి, కిరణములను వెలుపలినుండి వేరుగా పట్టుటయు గలదు. కణమునకు పెరుగుమని సంకేతమిచ్చు ద్వారమును మూయు సెటుక్సిమాబ్ అను ప్రతిరక్షకమును అమెరికా 2004లో ముదిరిన ప్రేగు క్యాన్సరునకు అనుమతించెను. తల, మెడ క్యాన్సరులలో దానిని కిరణములతో కలుపగా ఆయువు పెరిగినదని 2006లో తేలినది. పురీషనాళమునందును అట్లే యగునని మేమెల్లరమును ఆశించితిమి; కాలేదు. ఆశించిన మందు పనిచేయకపోవుట మా వృత్తిలో నిత్యకృత్యము గనుక దానిమీద మీ కాలము వ్యయపెట్టను.

అంతకన్న ఆశ్చర్యకరమైనది మరియొకటి జరిగెను. మన శరీరపు రక్షకకణములకు కళ్లెములుండును. రాచపుండు ఆ కళ్లెమును బిగించి వానిని నిలిపివేయును. కళ్లెమును విప్పు ప్రతిరక్షకములు కలవు. జన్యులిపిలో దొరలు తప్పులను దిద్దు యంత్రాంగము చెడిన పురీషనాళపు కంతులు నూటికి ఐదుమొదలు పదివరకు ఉండును. న్యూయార్కులో అట్టి రోగులకు, తరువాత కిరణములు పట్టి కోయవలెనను నిశ్చయముతో, ముందుగా దోస్టార్లిమాబ్ అను కళ్లెము విప్పు మందునిచ్చిరి. 2022లో ప్రకటించిన మొదటి 12 మందిలో పండ్రెండుగురికిని కంతి మాయమైనది. కిరణములు గాని కత్తి గాని అక్కరలేకపోయినవి. 2025 నాటికి అట్టివారు 49 మంది. అందరికి నదే ఫలము. కిరణవైద్యుడనైన నాకు నా పని తప్పిపోయినందుకు ఇంత సంతోషము కలుగుట అదియే మొదటిసారి. ఐతే తక్కిన తొంబదిమందికి పైబడినవారి కంతులు ఆ మందునకు చెవియొగ్గవు. అట్టివారికి ముందు ఐదు దినముల కిరణములు పట్టి, చచ్చిన కణముల శకలములచేత రక్షకకణములను మేల్కొలిపి, పిమ్మట కళ్లెము విప్పు మందును రసాయనములతో కలిపి యిచ్చు పద్ధతిని చైనావారు పరీక్షించిరి. 2024లో ప్రకటితమైన ఆ పరీక్షలో శస్త్రచికిత్సనాటికి కంతి పూర్తిగా నశించినవారు నూటికి 40 మంది. దీర్ఘకాలపు కిరణములు, రసాయనములు మాత్రమే పొందినవారిలో 15 మంది. ఇచ్చట కిరణము చంపుటకంటె పిలుచుట యెక్కువ చేయుచున్నది.

ఇక అసలు దారికి వత్తము. కిరణమును మోయు ప్రతిరక్షకము 1978లోనే చేరవలసిన చోటికి చేరినదిగదా, మరి ఇన్నేండ్లు ఏల ఆలస్యమైనది? లసికాకణముల క్యాన్సరునకు అట్టి మందు నిజముగనే వచ్చినది. ఇట్రియము అను ధార్మికలోహమును మోయు ప్రతిరక్షకమును 2002లో అమెరికా అనుమతించెను. ఆ కణములు కొద్దిపాటి కిరణమునకే చచ్చును. ప్రేగు కంతులు కఠినములు. వానికి అంతకు ఎన్నోరెట్లు కావలెను. అంత యిచ్చినచో ఏమగునో వినుడు.

ప్రతిరక్షకము అణువులలో మహాకాయము. నెత్తుటిలోనుండి కంతిలోనికి మెల్లగ, దినములతరబడి దిగును. ఎక్కించినదానిలో మిక్కిలి కొద్దిభాగమే కంతిని జేరును. తక్కినది నెత్తుటిలోనే తిరుగాడుచుండును. మా పల్లె తలారిని తలచుకొనుడు. దొంగ యెవరో వాడెరుగును. కాని ముసలివాడు, నడక నిదానము. వాని చేతికి మండు కాగడానిచ్చి, దొంగయిల్లు కాల్చిరమ్మని పంపితిమి. వాడు మూడు రాత్రులు పూరిండ్ల వీధులన్నియు తిరిగి తిరిగి గాని ఆ ఇంటికి పోడు. కాగడా నిప్పురవ్వలు అంతవరకు ఎవరి కప్పులమీద పడునో చెప్పనక్కరలేదు. శరీరములో ఆ పూరిండ్లు ఎముకల మూలుగ. నెత్తురు పుట్టు స్థానమది. కిరణమునకు వెంటనే క్రుంగును. తెల్లకణములు తగ్గి జ్వరములు, గడ్డకట్టించు ఫలకములు తగ్గి రక్తస్రావములు వచ్చును. కావున కంతికి చాలినంత యిచ్చుటకు ముందే మూలుగ మమ్ములను ఆపివేయును. ప్రేగు క్యాన్సరులో ఎన్నో ప్రయత్నములు ఈ గోడకే తగిలి నిలిచినవి.

అయినను ఒక్క ప్రయత్నమును మీకు చెప్పక విడువజాలను. ఏలయన, అది మా పినతండ్రిగారి ప్రశ్ననే యెత్తుకొన్నది. జర్మనీలోని గ్యోటింగెన్ వైద్యులు, ప్రేగునుండి కాలేయమునకు ప్రాకిన కంతులను పూర్తిగా కోసివేయబడిన 23 మందికి, కనబడునది యేదియు మిగులనప్పుడు, సీఈఏ ప్రతిరక్షకముపై అయోడిన్ 131ని ఎక్కించిరి. పెద్దకంతికి చాలని మోతాదు, మిగిలిపోయిన అణుమాత్రపు గుంపులకు చాలవచ్చునని వారి యూహ. 2005లో వారు ప్రకటించిన లెక్కప్రకారము ఐదేండ్లకు సుమారు సగముమంది జీవించియుండిరి. ఆ రోగుల కది మంచి ఫలమే. అయితే ఇది రోగులను చీటులువేసి రెండు వర్గములుగా విభజించి చేసిన పరీక్ష కాదు. కావున దానిని నిశ్చయమని చెప్పరాదు. దానిని చదివిననాటి రాత్రి నాకు నిద్రపట్టలేదని మాత్రము చెప్పగలను.

గోడను దాటు ఉపాయము వినుటకు సులభము. తలారిచేతికి కాగడా నీయకుడు. ఒట్టిచేతులతో పంపుడు. తీరికగ తిరుగనిండు, దొంగ గుమ్మమునకు సున్నపుబొట్టు పెట్టనిండు. పిమ్మట వీధులలో మిగిలిన తలారులను ఇండ్లకు పంపివేయుడు. అప్పుడు కాలిచురుకైన కుర్రవానికి కాగడానిచ్చి పంపుడు. వాడు బొట్టున్న యింటికి పోవును, బొట్టు కానరానిచో నిముసములలో ఊరు వెడలిపోవును.

1985లో కాలిఫోర్నియా పరిశోధకులు, ధార్మికలోహమును బంధించియుంచు రసాయనపు బోనును గుర్తించు ప్రతిరక్షకములను చేసి ఈ మార్గమునకు మెట్టు కట్టిరి. పిమ్మట న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ సంస్థవారు ప్రేగు క్యాన్సరునకు దానిని పూర్తిగా నిర్మించిరి. వారి ప్రతిరక్షకమునకు రెండు విధములైన చేతులు. ఒకటి ఏ33 అను గురుతును పట్టును. ఈ గురుతు ప్రేగు క్యాన్సరులలో నూటికి 95కు పైగా గలదు. రెండవచేయి డోటా యను చిన్నబోనును పట్టును. చుంచెలుకలపై వారి క్రమమిది: మొదటినాడు ప్రతిరక్షకము, 24 గంటల పిమ్మట నెత్తుటిలో మిగిలినదానిని పోగుచేసి కాలేయమునకు చేర్చు శోధకద్రవ్యము, మరి 4 గంటలకు డోటాబోనులో లుటీషియము 177. ఆ చిన్న అణువు క్షణములలో కంతిని జొచ్చి బొట్టునంటుకొనును. అంటనిది మూత్రపిండములగుండ మూత్రముతో పోవును. మూలుగపై నిప్పు నిలుచు కాలము దినములనుండి గంటలకు, నిముసములకు తగ్గెను. మానవుల ప్రేగుకంతులను మోయుచున్న చుంచెలుకలకు పలుమారు లీయగా కంతులు కరగి కనబడకపోయినవి. మూలుగకు, మూత్రపిండములకు గణింపదగిన హాని కనబడలేదు.

ఏ33 ఆరోగ్యవంతమైన ప్రేగులోపలిపొరయందును గలదని తెలిసినవారెవరైన నన్ను నిలదీయవచ్చును. న్యాయమైన యాక్షేపణ. ఆ పొరలోని కణములు నాలుగైదు దినములకొకమారు రాలి క్రొత్తవి పుట్టుచుండును గనుక, అంటుకొన్న ప్రతిరక్షకము వానితో రాలిపోవుననియు, కంతిలో మాత్రము నిలిచియుండుననియు ఆశ. ఎలుకకు ఈ గురుతు ఆ రూపమున లేదు; కావున ఎలుక సాక్ష్యము ఈ విషయమున చెల్లదు. మనుష్యునిలోనే తేల్చుకొనవలెను.

లుటీషియము నేల యెన్నుకొనిరి? దాని శక్తి సుమారు 6 దినముల 16 గంటలకు సగమగును. దాని బీటాకణములు శరీరములో 2 మిల్లీమీటరులకు మించి పోవు. ప్రతిరక్షకమంటని పొరుగు రాచకణములకు సైతము ఆ నిప్పు తగులును, అది మేలు. వెంట కొంత గామాకిరణమును వెలువడును గనుక మందు ఎచ్చటకు పోయినదో చిత్రము తీయవచ్చును. ఐతే మిగిలినది పది కణముల గుంపైనచో 2 మిల్లీమీటరుల పరుగు ఎక్కువ. నిప్పు వానిని దాటిపోయి ఆవల పడును. అందుకై ఆల్ఫాకణములు విడుచు ఆక్టీనియము 225ను డోటాబోనులో నుంచి చూచుచున్నారు. ఆ కణములు మిల్లీమీటరులో పదియవవంతైనను పోవు, పోయినంతమేర కణము బ్రతుకదు. కాని ఆక్టీనియము ఒక్కమారు పేలగనే దాని సంతతి బోను వీడి పారిపోవును; పారిన సంతతియు పేలునదే. వానిని చేరినచోటనే నిలుపుట యెట్లన్నది నేటి పని.

ఇంత విని, రేపు ఆసుపత్రికి పోయి ప్రేగు క్యాన్సరునకు ఈ మందడిగినచో దొరకదు. అది పరీక్షల దశలో నున్నది. కాని లుటీషియము మనకు దూరపుచుట్టము కాదు. ట్రాంబేలోని ధ్రువ రియాక్టరులో దానిని తయారుచేయుదురు. హార్మోనులు స్రవించు కొన్నికంతులకు, పౌరుషగ్రంథి క్యాన్సరునకు, ప్రతిరక్షకము గాక వేరు చిన్న వాహకములపై దానిని మన ఆసుపత్రులలో నెక్కించుచున్నారు. నేనును ఎక్కించితిని. ప్రేగు రోగులకును ఇదే మంచము, ఇవే జాగ్రత్తలు రానున్నవి గనుక ఒక్కసంగతి చెప్పి విరమింతును.

గడచిన సంవత్సరము గుంటూరు ప్రాంతమునుండి వచ్చిన యొక పెద్దామెకు క్లోమపు కంతికై లుటీషియము నిచ్చితిమి. నీరు విరివిగ త్రాగుమనియు, మూత్రము పోసినపుడెల్ల రెండుమారులు నీరు విడువుమనియు, కొన్ని దినములు పసిపిల్లలను దగ్గరకు తీయవద్దనియు చెప్పితిని. మొదటి రెండు మాటలకు తల యూపెను. మూడవదానికి, "ఎన్ని రోజులు డాక్టరుగారూ? మనవరాలికి నా పక్కలో తప్ప నిద్రపట్టదు" అని యడిగెను. వారము దినములంటిని. ఆమె చీరకొంగును ఏడు ముడులువేసి, దినమునకొకటి విప్పుకొనుచు, ఎనిమిదవనాడు తన కుమారునిచేత నాకు ఫోను చేయించెను. తానేమియు మాటలాడలేదు. ఫోనులో పసిపిల్ల నవ్వు వినబడెను.